తిరుమల ఘాట్, నవంబర్ వానలు: ఎలక్ట్రిక్ ఎస్‌యూవీకి వింటర్ టైర్లు వేయాలా, 22 ఇంచీల నుంచి 20కి దిగాలా?

రేణిగుంట_రోడ్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. కారు బీఎండబ్ల్యూ ఐఎక్స్ ఎక్స్‌డ్రైవ్40, సెకండ్ హ్యాండ్. 22 ఇంచీల చక్రాలతో వచ్చింది. టైర్లు 275/40 ఆర్22, ముందూ వెనకా ఒకటే సైజు. గేజ్ పెట్టి చూస్తే ముందు టైర్లలో ట్రెడ్ (గాడుల లోతు) 3 మి.మీ., వెనక 2.5 మి.మీ. మిగిలింది. వెనక కుడి టైరు సైడ్‌వాల్ (పక్క గోడ) మీద గోళీ సైజు ఉబ్బు కనిపిస్తోంది. అక్టోబర్ వానలు మొదలయ్యేలోపు నాలుగూ మార్చేద్దామని ఉంది.

తిరగడం ఎక్కువగా తిరుపతి ఊళ్లోనే. తరచుగా కొండకి, పుత్తూరు-నగరి మీదుగా చెన్నైకి, అప్పుడప్పుడు చిత్తూరు-పలమనేరు దారిలో బెంగళూరికి.

మాంట్రియల్‌లో ఉండే మా బావ ఇదే మోడల్‌కి చలికాలం కోసం 20 ఇంచీల చక్రాలు, వింటర్ టైర్లు వేరే సెట్‌గా పెట్టుకున్నాడు. "వింటర్ టైరు రబ్బరు మెత్తన, తడి రోడ్డు మీద పట్టు బాగుంటుంది. మీకు డిసెంబర్‌లో కొండ మీద చలీ, పొగమంచూ ఉంటాయిగా, నువ్వూ తెప్పించుకో" అంటున్నాడు. అది ఇక్కడ పనికొస్తుందా? చక్రం సైజు తగ్గిస్తే మంచిదా, 22 ఉంచుకుంటే నష్టమేమిటి? తెలిసినవాళ్లు చెప్పండి.

శేషాచలం_టార్క్

అన్నా, ముందు ఆ ఉబ్బు సంగతి. గుంతలో పడ్డప్పుడు రిమ్ అంచుకీ రోడ్డుకీ మధ్య సైడ్‌వాల్ నలిగి లోపలి దారాలు తెగుతాయి. ఆ తెగిన చోట గాలి బయటికి తోస్తే వచ్చేదే ఉబ్బు. దానికి రిపేరు లేదు. ఎప్పుడు పగులుతుందో చెప్పలేం, వేడీ బరువూ తోడైతే తొందరగా పగులుతుంది. టైర్లు మార్చేదాకా ఆ కారుతో ఘాట్ ఎక్కొద్దు, హైవే ఎక్కొద్దు.

ఇక వింటర్ టైరు. మీ బావ చెప్పింది ఆయన ఊరికి నూటికి నూరుపాళ్లు కరెక్టు. మామూలు సమ్మర్ టైరు రబ్బరు సుమారు 7 డిగ్రీల కిందికి వెళ్తే గట్టిపడి రోడ్డు పట్టుకోదు. వింటర్ టైరు రబ్బరు ఆ చలిలోనూ మెత్తగా ఉండేట్టు తయారు చేస్తారు. ట్రెడ్ బ్లాకుల మీద సన్నటి గాట్లు వందల్లో ఉంటాయి, అవి మంచుని కరిచి పట్టుకుంటాయి. తిరుపతిలో డిసెంబర్ రాత్రి కూడా 7 డిగ్రీల దరిదాపులకు రాదు. కొండ మీద చలిగా ఉన్నా ఆ లెక్కకి దిగదు. మే నెలలో గాలే 42, 43కి పోతే తారురోడ్డు దానికన్నా చాలా వేడిగా ఉంటుంది. ఆ వేడిలో మెత్తటి రబ్బరు బ్లాకులు బ్రేకు తొక్కగానే అటూ ఇటూ వంగుతాయి. కారు ఆగే దూరం పెరుగుతుంది, స్టీరింగ్ మెత్తబడినట్టు ఉంటుంది, ట్రెడ్ కళ్లముందే అరిగిపోతుంది. రెండున్నర టన్నుల దరిదాపు బరువున్న కారుకి అయితే మరీ.

"తడిలో పట్టు" అనే మాట కూడా చల్లటి తడికే వర్తిస్తుంది. మన నవంబర్ వాన వెచ్చటి వాన. అందులో మంచి వెట్ గ్రిప్ రేటింగ్ ఉన్న సమ్మర్ టైరే ముందు ఆగుతుంది. పొగమంచులో కనపడకపోవడం వేరే సమస్య, దానికి ఏ టైరూ మందు కాదు.

ఇంకో సంగతి. టైరు మీద "ఎం ప్లస్ ఎస్" (మడ్, స్నో అంటే బురద, మంచు) అని ఉంటే చాలామంది వింటర్ టైరు అనుకుంటారు. అది కంపెనీ తనంతట తాను వేసుకునే గుర్తు, దానికి పరీక్ష అక్కర్లేదు. మూడు శిఖరాల కొండ, మధ్యలో మంచు రేకు బొమ్మ ఉంటేనే మంచు మీద పరీక్ష పాసైన టైరు. ఇక్కడ మనకు రెండూ అవసరం లేదు.

చిత్తూరు_రిమ్స్

టైరు రకం తేలిపోయింది కాబట్టి సైజు మాట్లాడుకుందాం. అసలు డబ్బు పోయేదీ మిగిలేదీ ఇక్కడే.

ఐఎక్స్‌కి కంపెనీ ఇచ్చిన సైజులు మూడు: 235/60 ఆర్20, 255/50 ఆర్21, 275/40 ఆర్22. మొదటి అంకె మి.మీ.లో వెడల్పు, రెండోది (ప్రొఫైల్) అందులో సైడ్‌వాల్ ఎత్తు ఎంత శాతమో చెప్తుంది, చివరిది చక్రం ఇంచీలు. ఆ ఎత్తు లెక్కేస్తే 20కి 141 మి.మీ., 21కి 127.5 మి.మీ., 22కి 110 మి.మీ. మొత్తం వ్యాసం వరుసగా 790, 788, 779 మి.మీ. అంటే 22 నుంచి 20కి దిగితే చక్రం పెద్దగా మారదు, 31 మి.మీ. రబ్బరు గోడ అదనంగా వస్తుంది. మీ టైరుకి ఉబ్బు ఎందుకొచ్చిందో ఈ లెక్కలోనే ఉంది. నగరి వైపు పనులు జరిగే చోట్ల కత్తిరించినట్టుండే తారు అంచులు, చిత్తూరు రోడ్ల మీద గ్రానైట్ లారీల నుంచి రాలే రాళ్లు, గుర్తు లేని స్పీడ్ బ్రేకర్లు... 40 ప్రొఫైల్‌కి ఇవన్నీ శత్రువులే.

వెడల్పు కూడా చూడండి. నీళ్లు నిలిచిన రోడ్డు మీద 275 వెడల్పు టైరు తోయాల్సిన నీరు ఎక్కువ, 235కి తక్కువ. ట్రెడ్ అరిగిపోయిన టైరు నీటి మీద తేలిపోయే వేగానికి ఒక పాత సూత్రం ఉంది: గాలి ఒత్తిడి పీఎస్ఐలో వేసి దాని వర్గమూలాన్ని 10.35తో గుణిస్తే గంటకు మైళ్లలో వేగం వస్తుంది. 36 పీఎస్ఐకి అది 62 మైళ్లు, అంటే సుమారు 100 కిలోమీటర్లు. 42 పీఎస్ఐకి 108 దాకా. చెన్నై రోడ్డు మీద అందరూ పోయే వేగం సరిగ్గా అదే. చట్టం 1.6 మి.మీ. దాకా ఒప్పుకుంటుంది గానీ 3 మి.మీ. కన్నా తగ్గాక తడిలో టైరు పనితనం బాగా పడిపోతుంది. మీరు ఇప్పుడే మార్చేయాలనుకోవడం మంచి పని.

రేంజ్ (ఒక్క చార్జికి పోయే దూరం) మాటకొస్తే "ఇంచీలు తగ్గితే రేంజ్ పెరుగుతుంది" అన్నది సగం నిజమే. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ 2022 లెక్కల్లో ఐఎక్స్ ఎక్స్‌డ్రైవ్50కి 20 ఇంచీలతో 324 మైళ్లు, 21తో 305, 22తో 315. మధ్యలో ఉన్న 21 అన్నిటికన్నా తక్కువ! అంటే ఇంచీల కన్నా ఆ టైరు రోలింగ్ రెసిస్టెన్స్‌కే (దొర్లేటప్పుడు పడే అడ్డుకే) ఎక్కువ పలుకుబడి.

లోడ్ ఇండెక్స్ (టైరు ఎంత బరువు మోస్తుందో చెప్పే అంకె) విషయంలో మాత్రం రాజీ వద్దు. 107 అంటే టైరుకి 975 కిలోలు, 108 అంటే 1000, 109 అంటే 1030. డ్రైవర్ డోరు దగ్గరి స్టిక్కర్‌లో మీ సైజుకి ఏ అంకె ఉందో దానికి తగ్గకూడదు, "ఎక్స్‌ఎల్" (ఎక్కువ బరువు మోసే రకం) అని కూడా ఉండాలి. ఎక్స్‌ఎల్ టైరు ఆ పూర్తి బరువుని మోసేది 42 పీఎస్ఐ దగ్గర. 33 కొట్టి వదిలేస్తే టైరు మీద రాసున్న బరువు మోయదు. షాపులో "అన్నీ ఒకటే సార్, మేం 33 పెడతాం" అంటే స్టిక్కర్ చూపించండి. కొత్తగా కొన్ని టైర్ల మీద "హెచ్‌ఎల్" అని వస్తోంది, అది ఎక్స్‌ఎల్ కన్నా ఎక్కువ మోస్తుంది. దొరికితే ఇబ్బందేమీ లేదు.

నా ఓటు 20కే. కారు షోగా కనపడాలంటే 21 దాకా సరే. మీది ఎక్స్‌డ్రైవ్40 కాబట్టి 20 పడుతుంది. ఇదే ప్రశ్న ఐఎక్స్‌లోనే ఎక్కువ పవరున్న ఎం60 వాళ్లు అడిగితే బ్రేకులు పెద్దవి, 20 గురించి ఆలోచించొద్దంటాను. ఎవరైనా సరే ఛాసిస్ నంబరు ఇచ్చి సర్వీస్ సెంటర్లో ఖాయం చేసుకున్నాకే చక్రాలు కొనండి.

మౌంట్‌రాయల్_తెలుగు

మాంట్రియల్ ఉన్న కెనడా రాష్ట్రం క్యూబెక్ నుంచి రాస్తున్నా, బావగారి వైపు వాదన కూడా రికార్డులో ఉండాలి కదా. ఇక్కడ డిసెంబర్ 1 నుంచి మార్చి 15 దాకా వింటర్ టైర్లు చట్టప్రకారం తప్పనిసరి. బొమ్మలో కొండ, మంచు రేకు ఉండాల్సిందే. జర్మనీలో కూడా 2024 అక్టోబర్ నుంచి ఉత్త ఎం ప్లస్ ఎస్ గుర్తు చెల్లదు. ఆస్ట్రియాలో ట్రెడ్ 4 మి.మీ. కన్నా తగ్గితే అది వింటర్ టైరే కాదంటారు.

చలికాలం సెట్‌కి చిన్న చక్రం ఎంచుకోవడానికి కారణం మంచు కింద దాగిన గుంతలు, పైగా సన్నటి టైరు మెత్తటి మంచుని చీల్చుకుని కిందికి దిగి పట్టుకుంటుంది. వేరే చక్రాలు ఎందుకంటే ఏడాదికి రెండుసార్లు టైరుని రిమ్ నుంచి ఊడదీసి ఎక్కిస్తే అంచు పాడవుతుంది, చక్రంతో సహా మార్చుకుంటే ఆ బాధ లేదు. రెండో సెట్‌కి ప్రెషర్ సెన్సర్లు కూడా వేరుగా కొనుక్కోవాలి. ఇవన్నీ మైనస్ 20 ఉండే ఊరి లెక్కలు. తిరుపతిలో రెండో సెట్ మీద పెట్టే డబ్బుతో మంచి టైర్లు ఒక సెట్ కొనండి.

రేణిగుంట_రోడ్

చాలా థ్యాంక్స్ అందరికీ. బావకి చూపించాను, ఒప్పుకున్నాడు.

20 ఇంచీల చక్రాలకి రెండు బేరాలు వచ్చాయి. ఒకటి ఆడి నుంచి తీసిన 20 ఇంచీలవి, "5x112 కదా సార్, పడిపోతాయి" అంటున్నారు. రెండోది డూప్లికేట్ డిజైన్, బాగా తక్కువ రేటు. ఏది మేలు? ఇంకో డౌటు: ఊళ్లో టైర్ షాపులో ఎలక్ట్రిక్ కారుని లిఫ్ట్ ఎక్కించొచ్చా? పాత టైర్ల లోపల స్పాంజిలాంటిది ఉందట.

చిత్తూరు_రిమ్స్

రెండూ వద్దన్నా.

ఆడి చక్రం మీ హబ్‌కి ఎక్కుతుంది, అదే దాంట్లో ప్రమాదం. బోల్టుల వరస 5x112 (112 మి.మీ. వ్యాసపు వలయం మీద ఐదు బోల్టులు) ఒకటే, మధ్య రంధ్రం కూడా ఇంచుమించు ఒకటే, 66.5 మి.మీ. కానీ బీఎండబ్ల్యూ బోల్టు తల కింద కోనులా ఉంటుంది, ఆడి, మెర్సిడెస్ చక్రాల్లో ఆ కుదురు గోళాకారం. కోను బోల్టుని గోళాకారపు గుంటలో బిగిస్తే సన్నటి గీత మీదే ఆనుతుంది. టార్క్ రెంచి క్లిక్ మంటుంది, బోల్టు మాత్రం రోడ్డు మీద వదులవుతుంది. పోనీ ఆడి బోల్టులే తెచ్చి వేద్దామంటే మర వేరు: బీఎండబ్ల్యూది ఎం14x1.25, ఆడిది ఎం14x1.5. బలవంతంగా తిప్పితే హబ్ మర పోతుంది. పైగా ఆఫ్‌సెట్ (చక్రం మధ్య గీత నుంచి హబ్‌కి ఆనే ముఖం దాకా దూరం) కలవకపోతే చక్రం లోపలికో బయటికో జరిగి సస్పెన్షన్‌కో ఫెండర్‌కో రాసుకుంటుంది.

డూప్లికేట్లతో భయం బరువు మోయడం దగ్గర. స్టిక్కర్‌లో వెనక యాక్సిల్ గరిష్ఠ బరువు చూసి రెండుతో భాగించండి. 1,600 కిలోలు అని ఉంటే చక్రానికి 800. చక్రం వెనక వైపు పోతపోసిన లోడ్ రేటింగ్ దానికి తగ్గకూడదు. ఆ అంకె గానీ, జేడబ్ల్యూఎల్, వీఐఏ లాంటి (చక్రాలకి జపాన్ ప్రమాణాల) ముద్ర గానీ లేకపోతే చేతిలోకి కూడా తీసుకోవద్దు. మామూలు సెడాన్ కోసం పోసిన చక్రం ఈ బరువుకి లోపలి అంచు దగ్గర వెంట్రుకంత పగులు ఇస్తుంది, వారానికోసారి గాలి దిగుతుంటుంది, అందరూ వాల్వుని అనుమానిస్తారు.

పాత ఐఎక్స్‌ల నుంచి తీసిన 20 లేదా 21 ఇంచీల ఒరిజినల్ చక్రాలు చెన్నై, బెంగళూరుల్లో అడగండి. 22 వేయించుకోవాలనుకునేవాళ్లు అక్కడ ఎక్కువ. తీసుకునేముందు బ్యాలెన్సింగ్ మిషను మీద తిప్పి వంపు చూసుకోండి. వెల్డింగ్ అతుకు లోపలి వైపు ఉంటుంది, బయటి పాలిష్ చూసి మోసపోవద్దు.

అలైన్‌మెంట్_బే

షాపు పని గురించి నేను చెప్తాను.

టైరు కొనేటప్పుడు సైడ్‌వాల్ మీద చివరి నాలుగంకెలు చూడండి. 3524 అంటే 2024లో 35వ వారం తయారీ. 2020 జూన్‌లో కొత్త టైర్ల దిగుమతిని కేంద్రం పరిమితుల జాబితాలో పెట్టాక ఇలాంటి పెద్ద సైజులు సులువుగా దొరకడం లేదు, గోడౌన్లో ముసలివైన సరుకు కూడా కొత్త రేటుకే వస్తుంది. ఏడాది దాటినది వద్దనండి. ఐఎస్ఐ గుర్తు ఉండాలి. చినపండూరులో అపోలో ఫ్యాక్టరీ పక్కనే ఉంది కదా అని ఊళ్లో షాపు ర్యాకులో ఈ సైజు దొరుకుతుందనుకోకండి, డబ్బు కట్టి తెప్పించుకోవాల్సిందే. నాలుగూ ఒకే కంపెనీ, ఒకే మోడల్. సైడ్‌వాల్ మీద చిన్న నక్షత్రం ఉంటే బీఎండబ్ల్యూ కోసం సరిచూసినది. అది లేకపోయినా నడుస్తుంది గానీ నాలుగింట్లో రెండింటికి ఉండి రెండింటికి లేకుండా కలపొద్దు.

స్పాంజి అన్నది శబ్దం తగ్గించే ఫోమ్. ఇంజిన్ మోత ఉండదు కాబట్టి టైరు లోపలి గాలి గుయ్యిమనడం క్యాబిన్లో బాగా వినిపిస్తుంది, అందుకే వేస్తారు. పంక్చర్ పడితే ఆ చోట ఫోమ్ కోసి, లోపల శుభ్రం చేసి, గొడుగు ఆకారపు ప్యాచ్ వేసి, ఫోమ్ ముక్క మళ్లీ అతికించాలి. బయటి నుంచి తాడు గుచ్చి పంపేస్తే ఊరు చేరడానికి పనికొస్తుంది, అంతే. స్టెప్నీ లేని కారు కాబట్టి పంక్చర్ కిట్‌లోని సీలెంట్ ద్రవం వాడాల్సి రావచ్చు. అది ఫోమ్‌ని తడిపేసి సెన్సర్‌కి కూడా అంటుకుంటుంది, ఆ తర్వాత చక్రం బ్యాలెన్స్ కాదు. ఊళ్లో తిరిగేవాళ్లకి ఫోమ్ లేని టైరే సుఖం అని నా అభిప్రాయం, మోత కాస్త ఎక్కువైనా సరే.

లిఫ్ట్ ఎక్కించొచ్చు, కానీ మీరు పక్కనే నిలబడండి. నేల కింద అంతా బ్యాటరీ. లిఫ్ట్ చేతులు అంచున ఉన్న నాలుగు జాకీ పాయింట్ల దగ్గరే, రబ్బరు దిమ్మ పెట్టి, ఆనాలి. అలవాటు చొప్పున కాస్త లోపలికి జరిపితే బ్యాటరీ పెట్టె అడుగు సొట్ట పోతుంది. ఆ బిల్లు ముందు నాలుగు టైర్ల ఖర్చు ఓ లెక్కలోకి రాదు. జాకీతో ఒక్కో మూల ఎత్తే షాపైతే కూడా అదే నియమం. ఎయిర్ సస్పెన్షన్ ఉంటే ఎత్తేముందు మెనూలో ఆటోమేటిక్ సర్దుబాటు ఆపేయండి.

టైరు ఊడదీసేటప్పుడు మిషను బ్లేడు వాల్వు దగ్గర నొక్కకూడదు, సెన్సర్ విరుగుతుంది. వాల్వు రబ్బరు కిట్ మార్పించండి. చక్రం ఎక్కించేముందు హబ్ ముఖం మీది తుప్పు వైర్ బ్రష్‌తో గీకాలి. బోల్టులకి గ్రీజు పూయొద్దు. గన్‌తో చివరిదాకా బిగించనివ్వొద్దు. చేత్తో మొదలుపెట్టి, నక్షత్రం వరసలో, టార్క్ రెంచితో 140 న్యూటన్ మీటర్లు. వంద కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఓసారి చూడండి. సైజు మారింది కాబట్టి కారు టైర్ సెట్టింగ్స్‌లో కొత్త సైజు ఎంచుకుని ప్రెషర్ మానిటర్ రీసెట్ చేయాలి. గాలి టైరు చల్లగా ఉన్నప్పుడే కొలవాలి, మధ్యాహ్నం ఎండలో నిలబెట్టిన కారుకి నాలుగైదు పీఎస్ఐ ఎక్కువ చూపించడం మామూలే, దాన్ని తీసేయొద్దు.

అలిపిరి_బి_మోడ్

ఘాట్ గురించి ఎవరూ చెప్పలేదు. దిగే దారి 19 కిలోమీటర్లు, 36 గట్టి మలుపులు. ఎక్కే దారి 16 కిలోమీటర్లు, అంత గట్టి మలుపులు ఆరే. దిగేటప్పుడు బి మోడ్ (యాక్సిలరేటర్ వదలగానే మోటారే కారుని గట్టిగా ఆపే గేరు) వేసుకుంటే బ్రేకు పెడల్ పెద్దగా అక్కర్లేదు. ఒక్క జాగ్రత్త: బ్యాటరీ 100 శాతం ఉంటే రీజెన్ (మోటారుతో ఆపుతూ బ్యాటరీని చార్జ్ చేయడం) పనిచేయదు, కాబట్టి 80 దగ్గరే చార్జింగ్ ఆపి బయల్దేరండి.

శేషాచలం_టార్క్

@అలిపిరి_బి_మోడ్ తిరుమలకి ఆ బెంగ అక్కర్లేదు. ఎత్తు తేడా 700 మీటర్ల దరిదాపు. నలుగురితో 2,800 కిలోలు వేసుకుంటే ఎత్తు ఎక్కడానికే 5.3 యూనిట్లు, మిగతా నష్టాలు కలిపితే ఏడెనిమిది. కింద ఫుల్‌గా ఉన్నా పైకి చేరేసరికి పది శాతం ఖాళీ అవుతుంది. దిగేటప్పుడు తిరిగొచ్చేది మూడు యూనిట్ల పైచిలుకే, చోటు ఉంటుంది. మీరన్నది హార్స్‌లీ హిల్స్‌లో రాత్రి ఉండి పైనే ఫుల్ చార్జ్ పెట్టుకుని పొద్దున దిగేవాళ్లకి వర్తిస్తుంది. అక్కడ మొదటి మలుపులకి రీజెన్ రాక కారు జారినట్టు అనిపిస్తుంది, డిస్కులే పని చేయాలి.

టైరుకి సంబంధించి ఘాట్‌లో అసలు సంగతి వేరు. అక్కడ వేగం తక్కువ, టైరు నీటి మీద తేలే సమస్య రాదు. మలుపు తిప్పుతూ, బరువంతా ముందుకి పడుతూ, రీజెన్ కూడా పడుతుంటే ముందు టైర్ల బయటి భుజాలు అరుగుతాయి. అందుకే 8,000 నుంచి 10,000 కిలోమీటర్లకోసారి ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మార్చుకోండి. నాలుగూ ఒకే సైజు కాబట్టి కుదురుతుంది. ఇరుసుల మధ్య షాఫ్టు లేదు, ముందో మోటారు వెనకో మోటారు. పాత ఫోర్‌వీల్ డ్రైవ్‌లలాగా ట్రెడ్ తేడా వల్ల గేర్ పెట్టె దెబ్బతినే భయం లేదు. అయినా ఒకే ఇరుసు మీద జత టైర్లు మాత్రం సమానంగా ఉండాలి.

లోపలి అంచు మాత్రమే అరుగుతుంటే అది ఘాట్ వల్ల కాదు, టో (చక్రాలు ముందుకి చూసే కోణం) తప్పింది, అలైన్‌మెంట్ చేయించండి. మీ పాత 22 టైర్లు పారేసేముందు లోపలి అంచు తడిమి చూసి ఇక్కడ రాయండి. అక్కడ నున్నగా ఉంటే కొత్త టైర్లు ఎక్కించిన రోజే అలైన్‌మెంట్ రిపోర్టు ప్రింట్ తీయించండి, లేకపోతే ఇవీ అదే దారి పడతాయి.